ఏడింటి మూత

పదకొండూ అయిదు. మీటింగు పన్నెండింటికి. అంటే ఇంకా యాభై అయిదు నిమిషాలు, ఈ యాభై అయిదు నిమిషాల్లో నేనైతే రెండో వంతెన దాటి, మార్కెట్టు మలుపు తిరిగి, స్కూలు ముందు పిల్లల్ని దింపి ఇంకో నాలుగు స్టాపులు పోయి ఉండేవాణ్ణి, ఇరవై ఏడేళ్లుగా బస్సు నడిపే మనిషికి టైమంటే దూరమే కదా, కానీ ఈ బెంచీ మీద కూర్చుంటే మాత్రం టైము ఎటూ పోవడం లేదు, ఎదురుగా ఉన్న తలుపూ తెరుచుకోవడం లేదు. తలుపు మీద డాక్టరమ్మ పేరు, దాని కింద రైలంత పొడుగు మాట, ఆరోగ్య ప్రవర్తనా మనస్తత్వ నిపుణురాలు అని. మొదటిసారి వచ్చినప్పుడు అది కూడబలుక్కుని చదవడానికే తల ప్రాణం తోకకొచ్చింది, నేను చదివింది ఎనిమిది, అదీ పూర్తిగా కాదు, మనస్తత్వం అన్న ముక్క కంటబడగానే నన్ను పిచ్చి డాక్టరు దగ్గరికి పంపారేమిట్రా బాబూ అనుకుని వెనక్కి తిరిగాను కూడా. ఇప్పుడూ తిరగొచ్చు. మెట్లు అటువైపే. చొక్కా జేబులో కళ్లజోడు పెట్టె ఉంది, కాస్త గట్టిగా ఊపిరి పీలిస్తే చాలు గలగలమంటోంది, కళ్లజోడేమో ముక్కు మీదుంది, మరి పెట్టెలో ఉన్నవేమిటని ఎవరైనా అడిగితే? ఎవరడుగుతారు, ఎవరి గోల వాళ్లది ఇక్కడ, అయినా అరచెయ్యి జేబు మీద నుంచి తియ్యలేదు.

ఎనభై ఆరు మాత్రలు. నేను మింగాల్సినవి, మింగానని ఈ ఆస్పత్రి అంతా నమ్ముతున్నవి. ఇంకో గంటలో డాక్టరమ్మ పైన హాల్లో తెర మీద నా గీత చూపించి, ఇదిగో మనిషి మారతాడు అనడానికి సాక్ష్యం అని చెప్పబోతోంది, పక్కన కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టబోతోంది, ఆస్పత్రి పెద్దలూ మా డిపో మేనేజరూ చప్పట్లు కొట్టబోతున్నారు, ఆ తర్వాత మా రెండొందల మంది డ్రైవర్లకీ నాకిచ్చిన సీసాలాంటివే ఇచ్చి, ఇక్కడ నాకు పెట్టిన పేరుతో, గడియారం బాబాయ్‌లాగే మీరూ పొద్దున ఏడింటికి మింగండి అని చెప్పబోతున్నారు. ఈలోపు నేను చెప్పెయ్యాలి. చెప్పడానికే గంట ముందొచ్చి కూర్చున్నాను. నిన్నంతా, మొన్నంతా మనసులో చెప్పుకున్నాను, అమ్మా నేనొక తప్పు చేశాను అని మొదలుపెట్టాలి, కాదు, తప్పు అంటే ఆవిడ కంగారు పడుతుంది, అమ్మా మీకో విషయం, కాదు. నేల మీద పలకలు లెక్కపెట్టాను, తలుపు నుంచి నా చెప్పుల దాకా పదకొండు. మళ్లీ లెక్కపెట్టాను. పదకొండే.

ఆ సీసా చూడ్డానికి మామూలు మాత్రల సీసాలానే ఉంటుంది, మూతే కాస్త లావు. అందులో ఏదో చిప్పు పెట్టారు, మూత తిప్పి తీసినప్పుడల్లా ఏ రోజు ఎన్నింటికి తీశామో ఆవిడ కంప్యూటర్లో చుక్క పడుతుంది, ఆ చుక్కలన్నీ కలిస్తే గీత. మూడు నెలల కిందట ఈ తలుపు లోపలే ఆ సీసా నా చేతిలో పెట్టి, "బాబాయ్, మీరు ఒక్కరోజు కూడా తప్పని పని ఒకటి చెప్పండి, మాత్రని దానికి ముడేసేద్దాం" అంది. నేను ఆలోచించను కూడా లేదు, "పొద్దున ఏడు, టీ తాగే టైము" అన్నాను, డిపోలో బండి బయల్దేరే టైము చెప్పినంత జోరుగా. ఆవిడ ఏడు అని రాసుకుంది. రాసుకుంది కదా, ఇంకేముంది, అయిపోయింది, మా పద్ధతి అది, చార్టులోకి ఎక్కిన టైము చార్టులోదే, ఎండైనా వానైనా వంతెన కూలినా దాన్ని అటూ ఇటూ చెయ్యడం డ్రైవరు పని కాదు, ఆలస్యం అయితే సంజాయిషీ రాసివ్వాలి అంతే. తొంభై ఒక్క రోజులు. తొంభై ఒక్క రోజులూ సరిగ్గా ఏడింటికి మూత తీశాను. సెలవు రోజుల్లో కూడా. జ్వరం వచ్చినప్పుడు కూడా. మూత తియ్యడం, మాత్ర అరచేతిలోకి వంపుకోవడం, మా ఆవిడ అటు తిరగ్గానే కళ్లజోడు పెట్టెలో వెయ్యడం, గ్లాసుడు నీళ్లు గటగటా తాగి హమ్మయ్య అనడం. ఆ హమ్మయ్య తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు చిరచిరలాడుతోంది, అంత నటన ఎక్కడ నేర్చాను నేను, ఏనాడూ నాటకమన్నా వెయ్యలేదే.

ఆవిడ మందులు రాసే డాక్టరు కాదు, మందులాయన వేరే, కింద అంతస్తులో ఉంటాడు, నవ్వడు. ఈవిడ పని మనుషులు మందులెందుకు వేసుకోరో కనుక్కోవడం. అదీ ఒక ఉద్యోగమా అని మా విజిలు నవ్వాడు, విజిలంటే మా కండక్టరు, డిపో ఇచ్చిన విజిలు పోగొట్టుకుని నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈలేస్తాడని ఆ పేరు. కానీ ఆవిడ చెప్తుంటే వినాలి. చదువుకునే రోజుల్లో ఆవిణ్ణి ఒక బట్టల మిల్లుకి పంపారట, మరమగ్గాల మోతకి చెవులు పోతున్నా పనివాళ్లు చెవుల్లో బిరడాలు పెట్టుకోవడం లేదు, ఎందుకో చూసి రమ్మని. అక్కడి అధికారులు బద్ధకం అని రాసుకుని కూర్చున్నారట. ఈవిడ నాలుగు నెలలు ఆ మోతలో నిలబడి చూస్తే తేలిందేమిటంటే, బిరడా పెట్టుకుంటే పక్క మగ్గం మనిషి వేసే జోకు వినపడదు. అంతే. ఎనిమిది గంటల పనిలో వాళ్లకున్న సుఖం ఆ ఒక్క జోకు. ఆ తర్వాత కాలిన గాయాల వార్డులో ఆరేళ్లు, పిల్లలు వేళ్లు వంచే కసరత్తు ఎందుకు చెయ్యరని, ఆ తర్వాత షుగరు వాళ్లతో, ఇప్పుడు బీపీ వాళ్లతో. చాటున డాక్టర్లంతా ఆవిణ్ణి బిళ్లల గుమాస్తా అని ఎగతాళి చేస్తారట, ఆ మాటా ఆవిడే చెప్పి ఆవిడే నవ్వింది. "మనుషులు మొండివాళ్లు కారు బాబాయ్. మధ్యలో ఏదో అడ్డం పడుతుంది. అది బయటికి చెప్పుకోలేనంత చిన్నదై ఉంటుంది. నా చదువూ ఉద్యోగమూ మొత్తం ఆ అడ్డం ఏమిటో వెతకడమే" అంది. ఆ అడ్డం జేబులో పెట్టుకుని ఆవిడ ఎదురుగానే కూర్చుని, అవునమ్మా, నిజమేనమ్మా అని తలాడించాను. ఆ రోజుకి పెట్టెలో నలభై ఉన్నాయి.

"ఏం గడియారం బాబాయ్, ఇవాళ మీదే రాజ్యమటగా!" అంటూ నర్సమ్మ ట్రే పట్టుకుని పోతూ పలకరించింది. పొద్దున ఈ అమ్మాయే బీపీ చూసింది, నూట డెబ్భై రెండు బై నూట నాలుగు. చూసి ముఖం చిట్లించి మళ్లీ చూసింది. కింద మందులాయన చీటీ మీద గీకుతూ నా వైపు చూడకుండానే, "ఇంత బుద్ధిగా వేసుకుంటున్నా దిగడం లేదంటే మందు చాలడం లేదన్నమాట, రేపట్నుంచి రెట్టింపు" అన్నాడు. మింగని మందు చాలడం లేదట. ఆ చీటీ కూడా ఈ జేబులోనే ఉంది, పెట్టెకి అంటుకుని, చెమటకి మెత్తబడుతోంది. నవ్వొచ్చింది నిజంగా, అక్కడే నవ్వేసేవాణ్ణి, కానీ కుడి చెవిలో ఆ హోరు మొదలైంది, నెల నుంచీ వస్తోంది, దూరంగా ఎక్కడో ఇంజను ఆపకుండా వదిలేసినట్టు. పదకొండున్నర. కాలు కదుపుతున్నాను. కాలు కదపకూడదు, కదిపితే ఇంకా ఎక్కువవుతుంది. పొద్దున్నుంచి తిరగడమే సరిపోయింది, ఒక్కసారి కూడా వెళ్లలేదు, ఈ వసారా చివర ఎటో ఉండే ఉంటుంది, లేచి వెళ్లి వెతుక్కోవచ్చు, నేను అటు వెళ్లినప్పుడే తలుపు తెరుచుకుని ఆవిడ పైకి వెళ్లిపోతే? నర్సమ్మని అడగొచ్చు. మా ఆవిడ చెల్లెలి కూతురంత ఉంటుంది, ఆ పిల్లని పట్టుకుని ఏమని అడుగుతాం. పన్నెండు దాకా ఆపుకోగలను. ఆపుకోవడం మాకు కొత్తా.

అదే కదా. అక్కడికే వస్తుంది మనసు, ఎటు తిప్పినా తిరిగి ఆ వంతెన మీదికే వచ్చి ఆగుతుంది. ఆ మాత్ర నీళ్ల మాత్ర, ఒంట్లో నీళ్లు లాగేసి బీపీ దించుతుందట, లాగిన నీళ్లు ఎక్కడికి పోతాయి, గంట గంటకీ పరుగెత్తాలి. ఇంట్లో కూర్చునే వాళ్లకి ఏముంది. ఏడింటికి మింగి ఏడూ నలభైకి బండి ఎక్కితే, ఈ చివర నుంచి ఆ చివరికి రెండు గంటల పది నిమిషాలు, మధ్యలో దిగడానికి లేదు, వెనక అరవై మంది, ఒక్కొక్కరి చూపు గడియారం మీదే. మొదటి నాలుగు రోజులు పళ్లు బిగపట్టి నడిపాను. ఐదో రోజు వంతెన మీద లారీ ఒకటి ఇరుసు విరిగి అడ్డం పడింది. ముందుకి లేదు వెనక్కి లేదు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, ఇంజను ఆపేశాను, స్టీరింగు పట్టుకున్న చేతులకి చెమటలు పట్టాయి, రెండు వైపులా రెయిలింగు, కింద నది, నా పక్క సీట్లో ఒక కాలేజీ పిల్ల, అద్దంలో అరవై ముఖాలు, దిగి ఎక్కడికి పోతాను, ముప్ఫై నిమిషాలు, కళ్లు మూసుకుని మా నాన్న సైకిలు నంబరు గుర్తు తెచ్చుకున్నాను, పాత ఇంటి గేటు రంగు గుర్తు తెచ్చుకున్నాను, ఆ తర్వాత ఇంక గుర్తు తెచ్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. వెచ్చగా. యాభై మూడేళ్ల మనిషిని. ఖాకీ ప్యాంటు మీద మచ్చ పాకుతూ ఉంటే చూస్తూ కూర్చున్నాను, తల కొట్టేసినట్టయింది. అప్పుడు విజిలు ముందుకొచ్చాడు, ఎందుకు ఆగిందో చూద్దామని. నా ముఖం చూశాడు, కిందికి చూశాడు, ఒక్క రెప్పపాటు, అంతే, భుజానికున్న లీటరు నీళ్ల సీసా మూత తీసి నా ఒడిలో బోర్లించేశాడు. "అయ్యో గురూ! బ్రేకు కుదుపుకి చెయ్యి జారిపోయింది!" అని బస్సంతా వినపడేలా కేక పెట్టాడు. బస్సు ఆగి అరగంటయింది, ఇంక బ్రేకెక్కడిది, కానీ ఎవరూ ఆ లెక్క చూడలేదు. రెండో వరస ముసలావిడ లేచి, "కళ్లు నెత్తికెక్కాయా ఏంరా, పాపం పెద్దాయన్ని నిలువునా తడిపేశావు" అని వాణ్ణి తిట్టింది, వాడు చేతులు జోడించి తిట్లన్నీ తిన్నాడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ మాట మేమిద్దరం ఎత్తలేదు. మర్నాడు పొద్దున ఏడింటికి మూత తీశాను, మాత్ర నాలిక దాకా వచ్చింది, వంతెన కనపడింది.

దాచకుండా చెప్పేస్తే పోయేది. కాగితం ఇచ్చారు కూడా, నెల నెలా ఇస్తారు, మాత్ర వేసుకోకపోవడానికి కారణాలు అని తొమ్మిది గడులు. మర్చిపోయాను, కడుపులో తిప్పుతోంది, మందు మీద నమ్మకం లేదు, అలవాటైపోతుందని భయం, ఇలా. ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివాను, ఎవరి కష్టమైనా ఉంది అందులో, నాది లేదు. అడుగున ఇతరములు అని ఒక గీత, చిటికెన వేలంత. ఆ వేలంత గీత మీద వంతెనా, లారీ, అరవై మందీ ఎలా పడతారు. పైగా ఆ కాగితాలు ఆవిడ దగ్గర చదువుకునే ఆడపిల్లలు చదువుతారు. తప్పిన రోజులెన్ని అన్న చోట సున్నా చుట్టాను. మూడు నెలలూ మూడు సున్నాలు. ఆ సున్నాలూ తిన్నగా ఉన్న నా గీతా చూసి ఆ పిల్లలే గడియారం బాబాయ్ అని పేరు పెట్టారు, డాక్టరమ్మ మెచ్చుకుంటూ ఉత్తరం రాసిచ్చింది, మా ఆవిడ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది, పాలు తియ్యడానికి వెళ్లినా అదే కనపడుతుంది, పక్కింటావిడని పిలిచి మరీ చూపించింది, "మా ఆయనకి పట్టుదల ఎక్కువండీ" అని. పొద్దున నాకు చొక్కా ఇస్త్రీ చేసిస్తూ, "ఏమండీ, మైకిస్తే గొంతు సవరించుకుంటూ నిలబడకండి. సూటిగా మాట్లాడెయ్యండి" అంది. సూటిగానట.

అసలు ఇలాగే నడిపించేసేవాణ్ణేమో, అబద్ధం ఎందుకు. పోయిన బుధవారం అదే వంతెన దిగుతుంటే ముందు పోతున్న వ్యాను ఒక్క క్షణం రెండు వ్యాన్లయింది. ఏది నిజం వ్యానో తెలియలేదు. బ్రేకు మీద కాలుంది కాబట్టి సరిపోయింది. అద్దంలోకి చూశాను, అందరూ వాళ్ల వాళ్ల ఫోన్లు చూసుకుంటున్నారు, ఒకావిడ పసివాడికి టోపీ సర్దుతోంది, ఎవరికీ తెలియదు. మర్నాడే సెలవు పెట్టేశాను. ఇప్పుడు రెండొందల మంది ఏడింటికి మింగి బళ్లెక్కితే, సగం మంది నాలాగే పెట్టెల్లో దాచుకుంటారు, వాళ్ల గీతలూ తిన్నగానే వస్తాయి, ఏ వంతెన మీద ఎవరికి రెండు వ్యాన్లు కనపడతాయో. పదకొండూ యాభై. హోరు పెరిగింది. పొత్తికడుపు రాయిలా ఉంది. అమ్మా నేనొక తప్పు. అమ్మా మీకో విషయం. అమ్మా.

తలుపు తెరుచుకుంది. ఆవిడ కంప్యూటరు చంకలో పెట్టుకుని, రెండో చేత్తో కాగితాలు సర్దుకుంటూ విసురుగా బయటికొచ్చింది. "వచ్చేశారా బాబాయ్! పదండి పదండి, లిఫ్టులో వెళ్దాం, మీ మేనేజరు గారు కూడా వచ్చేశారట." లేచాను. రిహార్సలు చేసిన మాటల్లో ఒక్కటీ రాలేదు, చెయ్యి మాత్రం దానంతటదే జేబులోకి పోయి పెట్టె తీసి మూత తెరిచింది. ఆవిడ చూసింది. తెల్లటి చిన్న చిన్న బిళ్లలు, పెట్టె నిండా.

ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఎన్ని?" అంది.

"ఎనభై ఆరమ్మా."

"మూడు నెలలు, బాబాయ్!" గొంతు కీచుమంది, వెంటనే కాగితాలతో నోరు కప్పుకుంది. "రోజూ ఏడింటికి మూత తీసేవారు కదా? మింగనప్పుడు మరి రోజూ ఎందుకు తీశారు?"

"మీరు రాసుకున్నారు కదమ్మా, ఏడని."

ఆవిడ బెంచీ మీద కూలబడింది, నేను కూర్చున్న చోటు పక్కనే, నన్నూ కూర్చోమన్నట్టు చేత్తో తట్టింది. పై నుంచి ఎవరో మెట్లు దిగుతూ, "మేడమ్, అందరూ వచ్చేశారు, మొదలుపెడదామంటున్నారు" అని కేకేశారు. "పావుగంట ఆగమనండి" అంది, అటు చూడకుండానే. నా వైపు తిరిగి, కోపం ఇంకా పూర్తిగా పోని గొంతుతోనే, "ఏం అడ్డం పడింది బాబాయ్?" అని అడిగింది.

వంతెన గురించి చెప్పాలనుకున్నాను, లారీ గురించి, విజిలు గురించి, నీళ్ల సీసా గురించి. నోట్లోంచి ఒక్క ముక్కే వచ్చింది. "ఒంటేలుకి."

నవ్వుతుందనుకున్నాను. జాలిపడితే ఇంకా చచ్చిపోతాననుకున్నాను. ఆవిడ రెండూ చెయ్యలేదు, కాగితాల కట్టలోంచి ఒకటి లాగి వెనక్కి తిప్పి, పెన్ను మూత పళ్లతో తీసి, "ఏడింటికి మింగితే ఎన్నింటికి మొదలవుతుంది?" అంది, ఫలానా బస్సు ఎన్నింటికి వస్తుందని అడిగినట్టు.

"ఎనిమిదింపావుకి. రెండో వంతెన ఎక్కేసరికి."

"ఎంతసేపు ఉంటుంది?"

"మూడు నాలుగు గంటలమ్మా. ఆ చివర డిపోలో ఒకటుంది గానీ దానికి తాళం. తాళంచెవి సూపర్వైజరు దగ్గర, ఆయన పదింటికి గానీ రాడు."

రాసుకుంది. తాళంచెవి కూడా రాసుకుంది, కింద గీత గీసింది. "డ్యూటీ దిగేది?"

"మూడున్నర."

"అయితే నాలుగింటికి మింగొచ్చు కదా బాబాయ్? మందుల డాక్టరు గారిని అడుగుదాం, పొద్దున ఆయన రెట్టింపు చేశారని చూశాను, అదీ కొట్టేయిద్దాం. ఇంటికెళ్లి, టీతో, నాలుగింటికి."

నాకు కాసేపు అర్థం కాలేదు. మూడు నెలల్లో, ఎనభై ఆరు పొద్దుల్లో, పలకలు లెక్కపెట్టిన ఈ గంటలో కూడా ఈ ముక్క నా బుర్రకి తట్టలేదు. "టైము మార్చొచ్చా అమ్మా?" అన్నాను.

ఆవిడ పెన్ను ఆపేసింది. తల దించుకుని ఆ కాగితం వైపే చూస్తూ, "అది చెప్పలేదు నేను మీకు" అంది మెల్లగా. "ఎవరికీ చెప్పలేదు." ఆ కాగితం తిరగేస్తే రెండో వైపు నా గీత ఉంది, రంగుల్లో అచ్చు వేసింది, తెర మీద వెయ్యాల్సింది, కొలబద్ద పెట్టి గీసినట్టు తిన్నగా. దాన్ని మడవలేదు, చింపలేదు, నా మాటలు రాసుకున్న వైపు పైకి పెట్టి కట్టలో అన్నిటికన్నా ముందు సర్దింది. "పైన ఇదే చదువుతాను. మీరు రాకపోయినా ఫర్వాలేదు బాబాయ్, పేరు చెప్పను."

"వస్తానమ్మా" అన్నాను. లేచాను. లేవగానే ఇంక నా వల్ల కాలేదు, రెండు మోకాళ్లూ దగ్గరికి పెట్టుకుని నిలబడిపోయాను, చెవుల దాకా వేడెక్కింది, ఆడమనిషిని ఈ మాట నా జన్మలో అడగలేదు. "అమ్మా... అది ఎటువైపు?"

"కుడి పక్క, చివర్న. తాళం ఉండదు." ఇంతలో పై నుంచి మళ్లీ పిలిచారు, మేడమ్, మేడమ్ అని. ఆవిడ పెట్టెని నా చేతిలోంచి తీసుకుని మూత టక్కుమని వేసి ఒళ్లో పెట్టుకుంది. "నెమ్మదిగా వెళ్లి రండి. నేనిక్కడే ఉంటాను."

సగం దూరం పోయి వెనక్కి తిరిగి చూశాను. ఉంది.